పసుపు నా చేతికి, టీకా ఆయన చేతికి

"కిడికి తెరువే, జర గాలి రానియ్యి," అన్నాడు ఆయన.

"సల్లగాలి కొడుతున్నది. దగ్గు లేస్తది," అన్నాను.

"లేస్తే లేవనియ్యి. మా హాస్టల్ డాక్టర్ ఏమన్నడు? మూసిన అర్రలనే రోగముంటదన్నడు."

"ఆ డాక్టర్ పోయి ఎన్నేండ్లాయె. ఇంక ఆయన మాటనే," అంటూనే లేచి కిటికీ తెరిచాను.

మా ఇద్దరి మధ్య అవే ఆఖరి మాటలు. చాయ పెట్టుకొని వచ్చేసరికి మా ఆయన లేడు.

రాశావా బిడ్డా? ఇది కూడా రాయి. ఆ డాక్టరును నేను నా జన్మలో చూడలేదు. అయినా మా ఇంట్లో ఆయన మాట యాభై ఏళ్లు నడిచింది. నేను చెప్పాలనుకున్నది చావు గురించి కాదు. నా జన్మలో నేను అంత సంబరపడిన రోజులు మళ్లీ లేవు, వాటి గురించి.

అప్పుడు నాకు పదహారో పదిహేడో. జహీరాబాద్‌లో మా అత్తగారిది అల్లం పండించే ఇల్లు. ఆ ఇంట్లో పట్నం యూనివర్సిటీ దాకా పోయి చదివిన మొదటి మనిషి మా ఆయన. ఆయన సెలవులకు వస్తే నాకు పండగే. మధ్యాహ్నం నేను విత్తనం అల్లం ఏరుతుంటే పక్కన కూర్చుని హాస్టల్ ముచ్చట్లు చెప్పేవాడు. రోజూ పొద్దున డాక్టరు వస్తాడట. పిల్లలను వరసగా నిలబెట్టి నాలుక చూస్తాడట, కళ్లు చూస్తాడట. నెలకొకసారి కాటా మీద ఎక్కించి ఎంత బరువున్నారో పుస్తకంలో రాసుకుంటాడట. మనుషులను కాటా ఎక్కిస్తారని నేను అప్పుడే విన్నాను. నీళ్లలో పురుగు చావాలని బావిలో ఎర్ర మందు వేయిస్తాడట. వంటవాళ్ల గోళ్లు చూడనిదే బియ్యం కడగనివ్వడట. జ్వరం వచ్చిన పిల్లవాడికి వేరే గది, దోమతెర, పాలు. నేను అల్లం పక్కన పెట్టి నోరు తెరుచుకొని వినేదాన్ని.

మా అత్తకు మాత్రం అది గిట్టేది కాదు. "కన్నతల్లి సూడని నాలుక వాడు సూస్తడా? పిలగాండ్లా, ఎడ్లా, కాటా మీద తూకమేసుడేంది?" అనేది.

ఒక ఏడాది పరీక్షలకు ముందు, సెలవులు కాని రోజుల్లో ఆయన హఠాత్తుగా రైలు దిగి వచ్చాడు. పట్నంలో అమ్మవారు కనిపించింది. అంటే మశూచి. టీకా మందు హాస్టల్ వంతు వచ్చేలోపే అయిపోయిందట. అందుకని డాక్టరు పిల్లలందరినీ ఇళ్లకు పంపించాడు. ఇరవై రోజుల్లో తిరిగి రావాలి. ఎవరి ఊళ్లో వాళ్లు టీకా వేయించుకోవాలి, అది చేతి మీద పొక్కు కట్టి ఉండాలి, వేసినవాడి చిట్టీ ఉండాలి. లేకపోతే గేటు దాటనివ్వరు, పరీక్షకు కూర్చోనివ్వరు.

ఇది విని మా మామ ఒకటే మాట అన్నాడు. "పరీక్ష పోతే పట్నం బంద్. అల్లం మడుల కాడ మనిషి లేక నేను సస్తున్న."

చదువు పోతుందని మా ఆయనకు భయం. నాకు కూడా అదే భయం. ఆ చదువు ఆయనదే అయినా, ఆ ముచ్చట్లు నావి.

చిన్నప్పుడు ఆయనకు మా అత్త టీకా పడనివ్వలేదు. టీకా వేసేవాళ్లు వచ్చారంటే కొడుకును జొన్నల గాదెలో దాచేదట. కానీ ఈసారి మామ పట్టుపట్టి కొడుకును తాలూకా దవాఖానకు తీసుకొనిపోయాడు. అక్కడ టీకాలు వేసే సాబ్ ఆయన చేతి మీద చిన్న కత్తితో రెండు గీతలు గీసి మందు పెట్టాడు. "నీళ్లు తాకొద్దు. పసుపొద్దు. ఏమీ రాయొద్దు. ఎనిమిదో దినం పొక్కు సూపియ్యి, చిట్టీ రాసిస్త," అన్నాడు.

వాళ్లు ఇంటికి వచ్చేసరికి మా అత్త గడపలో వేపాకు నీళ్ల చెంబు పట్టుకొని నిలబడి ఉంది. ఆమె లెక్కలో టీకా అంటే చిన్న అమ్మవారే. మొక్కి పిలవకుండా కత్తితో గీసి పిలిచారు, పిలిచాక మర్యాద చేయకపోతే ఆ తల్లికి కోపం వస్తుంది. అందుకని ఆ చేతిని వేపనీళ్లతో రుద్ది కడిగింది, పసుపు మెత్తింది. గడపకు వేపకొమ్మలు కట్టింది. ఘాటు తల్లికి పడదని ఇంట్లో తాలింపు మానేసింది, మిరపకాయ దంచనివ్వలేదు. ఆయనను చాప మీద కూర్చోబెట్టి పెరుగన్నం పెట్టింది.

"సాబ్ వద్దన్నడమ్మా," అన్నాడు ఆయన.

"సాబ్‌కు తల్లి భయం లేకపోతే నాకు లేదా?"

ఆయన చెయ్యి అప్పగించేశాడు. మందు ఎప్పుడో లోపలికి పోయింది, పైన ఏం రాస్తే ఏముందిలే అనుకున్నాడట. అంత చదువుకున్న మనిషి. ఎనిమిది రోజులు రెండు పూటలా కడుగుడు, పసుపు రాసుడు.

ఎనిమిదో రోజు టీకా సాబ్ అంగీ చెయ్యి పైకి మడిచి చూశాడు. పొక్కు లేదు, మచ్చ లేదు, పచ్చగా మెరిసిపోతోంది. వాసన చూసి, "మందంత కడిగేసిన్రు. ఇది పండలేదు," అన్నాడట. చిట్టీ రాయలేదు. మర్నాడు రమ్మన్నాడు, మళ్లీ గీయడానికి. ఈసారి కూడా పండకపోతే గడువు దాటిపోతుంది.

మా ఆయన ఇంటికి వచ్చాడు. పుస్తకాలు ట్రంకు పెట్టెలో సర్ది మూత వేశాడు. ఆ మూత చప్పుడుకే నాకు తెగింపు వచ్చింది.

అత్త చేట పట్టుకొని కూర్చుని ఉంది. పోయి ఎదురుగా కూర్చున్నాను. "అత్తమ్మా, ఆయనకు జ్వరమొస్తే తడిబట్టల తోటి పోచమ్మ గుడి చుట్టు నేను తిరిగిన. నేను తిరిగితే ఆయనకు నయమయ్యిందా లేదా?"

"అయ్యింది. అయితే?"

"మొగుడూ పెండ్లాల మొక్కు ఒక్కటే గదా. రేపు నేనూ టీకా ఏయించుకుంట. తల్లికి చేసేదంత నా చేతికి చెయ్యి. కడుగు, పసుపు రాయి. ఆయన చెయ్యి మాత్రం ముట్టకు."

ఆమె చెరగడం ఆపి నన్నే చూసింది. "మీ అమ్మగారింట్ల గిదే నేర్పిన్రా, అత్తలకు అక్కల్ చెప్పుడు, తెలివి నేర్పుడు?"

"ఆడ నేర్పలే. నీ కాడికొచ్చినంకనే నేర్చుకున్న."

నవ్వు వచ్చినట్టుంది, చేట అడ్డం పెట్టుకుంది. "సరే పోండ్రి. పసుపు తక్కువైతే మాత్రం ఊకోను."

మరునాడు ఇద్దరం దవాఖానలో చేతులు చాపాం. అప్పటి నుంచి నా చేతికి రెండు పూటలా అభిషేకమే. వేపనీళ్లు మోచేతి దాకా కారేవి. రవికె చెయ్యి పచ్చబడిపోయింది. ఆయన చేతికి పలచని బట్ట చుట్టి, చెంబు పట్టుకొని ఎవరు ఆ పక్కకు పోయినా నేను అడ్డం నిలబడేదాన్ని.

రోజూ పొద్దున లేవగానే, "ఏదీ, సూపియ్యి," అనేదాన్ని.

మూడు రోజులు ఏమీ లేదు. నాలుగో రోజు ఒక ఎర్ర చుక్క. నేను గంతులొక్కటే వేయలేదు. ఆరో రోజుకు జొన్నగింజంత. ఎనిమిదో రోజుకు శనగగింజంత అయి, నడిమిట్ల చిన్న గుంటతో ముత్యంలా నిలబడింది. చంకలో బిళ్ల కట్టి, జ్వరం వచ్చి ఆయన మూలుగుతుంటే నాకు నవ్వు ఆగదు.

"మొగనికి జరమొస్తే నవ్వుతవేందే?" అన్నాడు.

"ఇంకా జర రావాలె," అన్నాను.

మా అత్త దూరం నుంచే ఆ పొక్కుకు దండం పెట్టింది. నా చెయ్యి మాత్రం నున్నగా, పచ్చగా ఉంది.

దవాఖానలో టీకా సాబ్ ఆయన చెయ్యి చూసి వెంటనే చిట్టీ రాశాడు. తరువాత నా చెయ్యి చూశాడు.

"పసుపు రాస్తివా?"

"రాస్తిని."

"వద్దన్నది తెల్వదా?"

"తెలిసే రాస్తిని."

సాబ్ ఆయన పొక్కు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. చిట్టీ ఆయన చేతిలో పెట్టాడు. మందు అయిపోయిందని, మళ్లీ వచ్చినప్పుడు నన్ను తప్పకుండా రమ్మని మాత్రం చెప్పాడు.

ఆయన రైలెక్కి పోయాడు. హాస్టల్ డాక్టరు ఏమంటాడో తెలిసేదాకా మాకు అన్నం సహించలేదు. నాలుగో రోజు మా ఆయన రాసిన కార్డు వచ్చింది. మామ అరుగు మీద కూర్చుని గట్టిగా చదివాడు, నేను తలుపు వెనుక నిలబడి విన్నాను. డాక్టరు గేటు దగ్గరే కుర్చీ వేసుకొని ప్రతి పిల్లవాడి చెయ్యి చూశాడట. ముందున్న ముగ్గురిని వెనక్కి పంపాడట. మా ఆయన చెయ్యి చూసి, "శభాష్, పోయి చదువుకో," అన్నాడట. ఇంత బాగా ఎవరు కాపాడారని అడిగితే ఈయన సంగతంతా చెప్పేశాడట. డాక్టరు నవ్వి, పుస్తకంలో ఆయన బరువు పక్కనే 'ఇంటి దగ్గర ఇంకొక చెయ్యి ఉన్నది' అని రాసుకున్నాడట. దానికి కూడా టీకా పండేదాకా వారం వారం తనకు ఖబరు చెప్పాలట.

నా కాళ్లు నేల మీద లేవు. పట్నంలో, యూనివర్సిటీ పుస్తకంలో, నా చెయ్యి.

"గాయనకు నా కోడలి ఫికర్ ఎందుకు?" అంది అత్త.

"నీకు లేకపాయె. ఆయనకన్న ఉన్నది," అన్నాడు మామ.

ఆమెకు ఆ మాట తగిలింది. మందు వచ్చిందని తెలిసిన రోజు నన్ను దవాఖానకు తీసుకొనిపోయింది ఆమే. టీకా వేస్తున్నంతసేపు కళ్లు మూసుకొని ఏదో గొణుక్కుంది. ఇంటికి రాగానే పసుపు డబ్బా అటక మీదికి ఎక్కించింది. ఎనిమిది రోజులు తాలింపు మాత్రం మళ్లీ మానేసింది, అంతవరకు ఒప్పుకున్నాం. పొక్కు లేచిన రోజు మామ దగ్గరికి పోయి, "పిలగానికి కార్డు రాయి. నా కోడలి చెయ్యి పండిందని ఆ డాక్టర్‌కు చెప్పుమను," అంది.

ఇంతే బిడ్డా. ఇప్పుడు మొదటి నుంచి చదివి వినిపించు. నెమ్మదిగా చదువు. మా అత్తను ఎక్కడైనా చెడ్డగా రాశావేమో నేను వినాలి.