సార్ నంబరు మీద ఉన్న గల్లీ

సార్ పోయారన్న వార్త మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఒకరు పెట్టగానే వరసగా దండాల బొమ్మలు, పూల బొమ్మలు పడ్డాయి. నేను నమ్మలేదు. దుఃఖంతో నమ్మలేకపోవడం వేరు, నాది అది కాదు, ఉత్త అనుమానం. ఒకే మాటకు ఎన్ని నకళ్ళు తీసినా సాక్షి ఒక్కడేనని నాకు నేర్పింది ఆయనే. మొదట పెట్టినతనికి ఫోన్ చేస్తే "నాకు ఇంకో గ్రూపుల కనవడ్డది అక్కా" అన్నాడు. ఆ గ్రూపులో పెట్టినామె కూడా ఎక్కడో చూసే పెట్టిందట. చివరికి సార్ నంబరుకే చేశాను. ఎత్తింది ఆయన కాదు, ఎదురింట్లో ఉండే పాల లచ్చమ్మ అవ్వ.

"నిజమేనా అవ్వా?"

"నిజమే బిడ్డా. పొద్దుగాల పాలు పొయ్యనీకి పోతే తలుపు తీసే ఉన్నది. కుర్సీల కూసున్నట్టే ఉన్నడు. నేనే ముట్టి చూసిన. సల్లగ ఉండె."

కళ్ళతో చూసి చెప్పే మనిషి దొరికాకే నాకు ఏడుపొచ్చింది.

సార్ హైదరాబాద్ పాతబస్తీలోని గౌలిపురలో, అప్పట్లో మేమున్న గల్లీలోనే ఉండేవారు. ప్రభుత్వ సంస్థలో కంప్యూటర్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాక, తన మేడమీది గదిలో డేటాబేసులు, అంటే కంప్యూటర్లో సమాచారం దాచి వెతికే పద్ధతులు, నేర్పేవారు. కింద లచ్చమ్మ అవ్వ బర్రెలు, పైన మేము. కిటికీ తెరిస్తే పేడ వాసన, మూస్తే ఉక్క. ఇంజనీరింగ్‌లో ఫీజు కట్టి నేర్చుకోలేనిది ఆ గదిలో నేర్చుకున్నామని చెప్పుకునేవాళ్ళు మాలో చాలామందే ఉన్నారు.

మొదటి రోజు బోర్డు మీద మా పేర్లు, ఇంటి నంబర్లు, ఫోన్ నంబర్లు గడులు గీసి రాశారు. అడ్డంగా ఒక మనిషి, నిలువుగా ఒక సంగతి, ఇదే టేబుల్ అన్నారు. "దీన్ని నమ్ముతరా?" అని అడిగితే అందరం నమ్ముతామన్నాం.

"ఎందుకు నమ్ముతరు? ఎవరు ఎక్కించిండ్రు ఇది? చూసి ఎక్కించిండ్రా, విని ఎక్కించిండ్రా?"

ఒకమ్మాయి పేరు పక్కన ఫోన్ గడి ఖాళీగా ఉంది. అంటే ఆమెకు ఫోన్ లేదని నేను తెలివిగా చెప్పాను. సార్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. "లేదని ఎవరన్నరు బిడ్డా? మనకు తెల్వదు, గంతే. లేకపోవుడు వేరే, తెల్వకపోవుడు వేరే. ఈ రెండింటిని ఒక్కటి చేసినోడే మందిని ఆగం చేస్తడు."

కొత్త రకం డేటాబేసు ఏది వచ్చినా, సంబంధం చూడటానికి వచ్చిన మేనమామలా ఆరా తీసేవారు. తాళంచెవి లాంటి ఒక గుర్తు ఇస్తే, దాని కింద దాచిన సమాచారం తెచ్చి ఇచ్చే రకం ఒకటుంది. దాన్ని గుడి ముందు చెప్పుల స్టాండుతో చెప్పారు. "టోకెన్ ఇస్తే నీ చెప్పులు ఇస్తడు. మస్తు జల్ది. గని ఎర్ర చెప్పులు ఎవరెవరివి అని అడుగు, బిక్కమొఖం వెడ్తడు." డాక్యుమెంట్ రకాన్ని ఇంటికో సంచి అనేవారు. ఒక సంచిలో రేషన్ కార్డు, ఇంకో సంచిలో పెళ్ళి ఫోటో, ఏది పడితే అది కుక్కొచ్చు, వెతికేటప్పుడు మొదలవుతుంది లొల్లి. దేన్నీ తిట్టేవారు కాదు. దేనికి పనికిరాదో ముందు చెప్పి, దేనికి పనికొస్తుందో తర్వాత చెప్పేవారు.

ఆయన అనుమానం లచ్చమ్మ అవ్వ పాలనూ వదల్లేదు. రోజూ గిన్నెలో పాలు పోయించుకుని, చిక్కదనం చూసే గాజుగొట్టం ముంచి, ఆ అంకెను సమయంతో సహా కంప్యూటర్లోకి ఎక్కించేవారు. కాలక్రమంలో కొలతలు దాచే డేటాబేసు మాకు నేర్పడానికి మొదలుపెట్టి, తర్వాత అలవాటు చేసుకున్నారు. అవ్వ మండిపడేది. "ఇన్నేండ్ల సంది పోస్తున్న. నా పాలల్ల నీళ్ళు చూస్తవా సారూ?"

"నీ మీద కాదు అవ్వా అనుమానం. పాల మీద."

ఒకసారి ఆ అంకెలు మెల్లగా దిగడం మొదలైంది. మేమంతా నీళ్ళే అనుకున్నాం. సార్ మాత్రం గీత చూసి, నీళ్ళు కలిపితే ఒక్కరోజులో పడుతుంది, ఇలా రోజురోజుకీ జారదు, బర్రెను డాక్టరుకు చూపించమన్నారు. బర్రెకు పొదుగువాపు. ఆ తర్వాత అవ్వే పాలగిన్నె తెచ్చి "చూడు సారూ, ఎట్లున్నయో" అని నిలబడేది.

ఆయనకు అన్నిటికంటే ఇష్టమైనదీ, భయమైనదీ గ్రాఫ్ డేటాబేసు. చుట్టరికాల డేటాబేసు అనేవారు దాన్ని. మనిషి ఒక చుక్క, సంబంధం ఒక గీత. "ఇది మనిషి కన్న గీతనే ఎక్కువ చూస్తది. నువ్వు, నేను ఒక్క బస్సు ఎక్కితే చుట్టాలమైతమా?" అని అడిగేవారు. మేము నవ్వేవాళ్ళం.

ఆ గీతలు నా మీదికే వచ్చాయి. ఒక ఆరోగ్య బీమా కంపెనీకి పనిచేసే ఆఫీసులో నాకు ఉద్యోగం. ఆస్పత్రులు పంపే దరఖాస్తుల్లో మోసాలుంటే పట్టుకోవాలి. ఒక ఉదయం మా టీం లీడ్ పిలిచి తెర చూపించాడు. ఒక చుక్క చుట్టూ బోలెడు చుక్కలు, గీతలన్నీ దాంట్లోకే. వేర్వేరు మనుషులు, వేర్వేరు బీమా కార్డులు, అందరికీ ఒకటే ఫోన్ నంబరు. అందరివీ ఒకే గల్లీ అడ్రసులు. "ముఠా దొరికింది మేడం. సాయంత్రం కల్లా అన్నీ బ్లాక్ చేసేద్దాం" అన్నాడు సంబరంగా.

ఆ నంబరు నాకు నోటికొచ్చు. అది సార్‌ది.

ఆ చుక్కల్లో లచ్చమ్మ అవ్వ కోడలు ఉంది. గర్భసంచి ఆపరేషన్ కోసం ఆస్పత్రిలో చేరి, రక్తం పోతూ, అనుమతి కోసం ఎదురుచూస్తోంది. ఆ అనుమతి మా తెర మీదే ఆగిపోయింది. కానీ నిజం చెప్పాలి, నేను అనుమానించింది సార్‌నే. రిటైరైన మనిషి, ఒంటరి, ఈ సాఫ్ట్‌వేర్ల లోపలి దారులన్నీ తెలిసినవాడు. ఇంతమంది పేర్లు తన నంబరు కింద ఎందుకు పెట్టుకున్నట్టు? సాయంత్రం దాకా ఆగమని టీం లీడ్‌ను బతిమాలి, క్యాబ్ ఎక్కి గౌలిపుర వెళ్ళాను.

సార్ కాళ్ళు చాపుకుని పేపర్ చదువుతున్నారు. డొంకతిరుగుడు లేకుండా అడిగేశాను. ఆయన పేపర్ పక్కన పెట్టారు.

"మొదాలు నన్నే అనుమానించినవా?"

"అవును సార్."

"మంచిగ చేసినవ్. ఎవరినీ వదలొద్దు. మరి టేబుల్‌ను అనుమానించినవా? ఆ గడిల ఏం రాసి ఉన్నది?"

"ఫోన్ నంబరు అని సార్."

"ఎవరి ఫోన్ నంబరు అని రాసి ఉన్నదా?"

లేదు. ఉత్త ఫోన్ నంబరు అనే ఉంది. అప్పటికి లచ్చమ్మ అవ్వ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆస్పత్రి నుంచే వచ్చిందేమో, చీర నలిగిపోయి ఉంది. "మేమే రాసినం బిడ్డా. ఫోన్ వస్తే మోసమో నిజమో మాకు ఏం ఎరుక? ఓటీపీ చెప్పమంటరు, ఇంగ్లీషుల మాట్లాడ్తరు. సార్ అయితే నూరు ప్రశ్నలు అడుగుతడు. దొంగోడయితే పెట్టేసి ఉరుకుతడు. గందుకే గల్లీ మొత్తం సార్ నంబరే రాసినం."

మోసపోతామన్న భయంతో, తమలో అందరికంటే అనుమానం ఎక్కువున్న మనిషి నంబరు ఇచ్చుకున్నారు. దాన్ని చూసే మా మెషిన్ వాళ్ళను మోసగాళ్ళంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సార్ మాత్రం నవ్వలేదు. "ఇద్దరు మనుషులకు ఒక్క గుర్తు పెట్టొద్దని మీకు చెప్పి, నేనే పెట్టనిచ్చిన" అన్నారు.

ఇక పరవాలేదు, ఆఫీసుకు ఫోన్ చేసి మీ మాట చెప్తాను అన్నాను. ఆయనకు కోపమొచ్చింది. "నా మాట మీద ఎట్ల విడిపిస్తవ్? దొరికినోడు చెప్పిన మాట అది. ఇల్లిల్లు తిరుగు. మనిషిని చూడు, కార్డు చూడు."

తిరిగాం. సార్ చెప్పులేసుకుని ముందు నడిచారు. ప్రతి ఇంట్లో మనిషి ఉన్నాడు, కార్డు ఉంది. ఆస్పత్రిలో ఉన్న కోడలిని వీడియో కాల్‌లో చూశాను. కళ్ళు లోపలికి పోయి, మాట్లాడటానికి ఓపిక లేక చెయ్యి ఊపింది. ఒక్క పేరు దగ్గర మాత్రం ఆగిపోయాం. ఆ మనిషిని గల్లీలో ఎవరూ ఎరగరు, ఆ ఇంటి నంబరే లేదు. ఎవడో సార్ నంబరు సంపాదించి గుంపులో దూరాడు. సార్ ముఖం మాడిపోయింది. తన అనుమానాన్ని దాటి ఒకడు లోపలికొచ్చాడన్న బాధ అది. "వాన్ని ఇడువకు" అన్నారు. నేను విడవలేదు. మిగిలినవాళ్ళందరినీ అక్కడి నుంచే విడిపించాను, మర్నాడు కోడలికి ఆపరేషన్ అయింది. తర్వాత సార్ పోరగా పోరగా మా ఆఫీసు ఆ గడి పక్కన ఇంకో గడి పెట్టింది: ఈ ఫోన్ ఎవరిది, దరఖాస్తుదారుకు ఏమవుతారు. గల్లీ వాళ్ళందరి కార్డుల్లో అక్కడ సార్ పేరు చేరింది, ఏమవుతారన్న దగ్గర పక్కింటివారు అని.

చివరిసారి వెళ్ళినప్పుడు ఆయన వెక్టర్ డేటాబేసుల గురించి చదువుతున్నారు. పోలికను బట్టి వెతికే కొత్త రకం అది. "దగ్గరిదాన్ని తెస్తది గని, అసలుదాన్ని తెస్తదన్న నమ్మకం లేదు" అన్నారు. చాయ్ చల్లారిపోతున్నా వదలకుండా దాని గురించే అడిగారు. నాకు తెలిసింది చెప్పాను, సగం ఆయనకు నచ్చలేదు.

దినాల నాడు వెళ్ళాను. సార్ తమ్ముడి కొడుకు అన్నీ జరిపించాడు. భోజనాలయ్యాక గల్లీ ఆడవాళ్ళు నా చుట్టూ చేరారు. సార్ ఫోన్ బంద్ చేస్తున్నారట.

"ఇగ మాకు ఫోన్ వస్తే ఎవలు మాట్లాడాలె బిడ్డా?" అంది లచ్చమ్మ అవ్వ. "నీ నంబర్ రాస్కుంటం."

నాకు భయం వేసింది. నేను పనిచేసేది ఆ ఆఫీసులోనే. రేపు తెర మీద ఆ నడుమ చుక్క నేనవుతాను. ముక్కూమొహం తెలియనివాడు మళ్ళీ దూరితే నా ఉద్యోగానికే ముప్పు. కాదనడానికి నోరు తెరిచాను కూడా. అవ్వ కోడలు అప్పుడే అందరికీ మంచినీళ్ళు తెచ్చి ఇస్తోంది, మనిషి కాస్త ఒళ్ళు చేసింది. "ఆఫీసులో చెప్పి ఇస్తాను, దాచి కాదు" అన్నాను. అవ్వకు ఆ తేడా పట్టలేదు. బొడ్లోంచి తన చిన్న బటన్ల ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది.

అందులో అన్నిటికంటే పైన ఉన్న పేరు సార్. దాన్ని తీసేసి నా పేరు రాయబోయాను.

"పేరు తియ్యకు బిడ్డా. నంబర్ ఒక్కటే మార్చు."

"తప్పు కదా అవ్వా. నేను సార్‌ను కాదు కదా."

"నాకు ఎరుకనే. గని నాకు చదువు రాదు. ఫోన్ల ఆ ఒక్క పేరు ఎట్లుంటదో నాకు గుర్తు."

నంబరు మాత్రం మార్చాను. సరిగా పడిందో లేదో చూస్తానని అవ్వ అక్కడే బటన్ నొక్కింది. నా ఒళ్ళో ఫోన్ మోగింది. ఆమె చేతిలోని ఆ చిన్న తెర మీద సార్ అన్న పేరు, దాని కింద నా నంబరు వెలుగుతున్నాయి. నేను ఎత్తాను.