చీతా కూనా, కెన్యా సిస్టరూ

షార్జాలో నేను పనిచేసేది జంతువుల క్లినిక్‌లో. ఎక్కువగా పిల్లులు, కుక్కలు వస్తాయి, అప్పుడప్పుడు డేగలు. బోనులు కడగడం, తువ్వాళ్లు ఉతకడం, ఆపరేషన్ అయిన వాటి దగ్గర కూర్చోవడం నా పని. కాకినాడ ఆసుపత్రిలో ఆయాగా మనుషులకీ ఇంచుమించు ఇదే చేసేదాన్ని.

కరోనా తగ్గుముఖం పట్టాక నాతోపాటు పనికి ఒక కెన్యా ఆవిడ చేరింది. నన్ను సిస్టర్ అనేది, నేనూ ఆమెను అలాగే పిలిచేదాన్ని. ఇద్దరికీ వచ్చిన ముక్కల ఇంగ్లీషులో, ఇక్కడ నేర్చుకున్న హిందీ కలిపి మాట్లాడుకునేవాళ్లం.

వాళ్ల దేశంలో ఆమె అభయారణ్యం కాపలా చేసేదట. అరణ్యమంటే చెట్లు కాదు, గడ్డి. పశువులు మేపుకునే కుటుంబాలు తమ భూములన్నీ కలిపి, కంచెలు తీసేసి, జంతువులకు వదిలారు. చూడ్డానికి వచ్చే విదేశీయులు కట్టే రుసుముతోనే ఆ కుటుంబాలకు కౌలు, కాపలావాళ్లకు జీతం. ఈమె, ఇంకొందరు ఆడవాళ్లు పొద్దున్నే బయలుదేరి ఉచ్చులు వెతికి తీసేసేవారు. ఏ జంతువు ఎటు వెళ్లిందో జాడలు చూసి రేడియోలో చెప్పేవారు. కరోనాకి విమానాలు ఆగిపోయాయి. ఆ అభయారణ్యం నడిపే సంస్థ వాళ్లు అందరినీ కూర్చోబెట్టి, ఇక జీతాలివ్వలేమని చెప్పారు. ఆమె దుబాయ్ దారి పట్టింది.

ఆ చలికాలం ఒక మధ్యాహ్నం ఎవరో డ్రైవరు పిల్లుల బుట్ట ఒకటి కౌంటర్ మీద పెట్టి, "మేడమ్ పిల్లికి బాగాలేదు, కారు పార్కింగ్‌లో పెట్టి వస్తా" అని వెళ్లాడు. మళ్లీ రాలేదు. బుట్టలోంచి పిట్ట కూసినట్టు వినబడింది. వెనక గది తుడుస్తున్న సిస్టర్ ఆ కూత విని, చేతిలో మాపు అక్కడే వదిలేసి వచ్చింది. "పిల్లి కాదు, చీతా కూన," అంది.

వెనక కాళ్లు వంకర తిరిగి ఉన్నాయి. నిలబడబోయి పక్కకి ఒరిగిపోయింది. మా డాక్టరు ఈజిప్టు ఆయన. ఎక్స్‌రే చాలాసేపు చూసి, "ఉత్త కోడిమాంసం పెట్టి పెంచారు, ఎముకల్లో బలం లేదు," అన్నాడు. వీటిని ఇళ్లలో పెంచడం ఇక్కడ నేరం. వెంటనే అధికారులకి ఫోన్ చేశాడు. చోటు సిద్ధం చేసుకుని వస్తాం, అందాకా చూడండి అన్నారు వాళ్లు.

చూడటమంటే మా ఇద్దరి పనే. నేను సీసాతో మందు కలిపిన పాలు పట్టేదాన్ని, ఆమె తడి గుడ్డతో తల్లి నాకినట్టు ఒళ్లు తుడిచేది. నేను దానికేదో ముద్దుపేరు పెట్టబోతే వారించింది. "వద్దు సిస్టర్. ఇది ఇంట్లో పెంచేది కాదు."

"మీ దగ్గర నుంచే తెచ్చారా?" అని అడిగాను.

"ఇంకా ఉత్తరం నుంచి అయ్యుంటుంది. తల్లి వేటకి పోయినప్పుడు గడ్డిలోంచి ఎత్తుకుపోతారు. పడవల్లో దాటిస్తారు. దారిలోనే చాలా చచ్చిపోతాయి." గుడ్డ పిండుతూ, "మేం అన్నాళ్లు నడిచింది దేనికో," అంది. గొంతులో కోపం లేదు. డబుల్ డ్యూటీ చేసిన మనిషి గొంతులా ఉంది.

రోలా పేటలో నా గదిలోనే ఉండే అమలాపురం అక్క నా చేతి మీద గోళ్ల గాట్లు చూసి, "పులికి పాలు పడతన్నావా? మనకి జొరమొత్తే గ్లాసుడు నీళ్లిచ్చే దిక్కు లేదే ఇక్కడ," అంది. నిజమే. మర్నాడు మాత్రం మామూలుకంటే ముందు బస్సెక్కాను.

అధికారులు వచ్చి కూనని పెట్టెలో పెట్టుకున్నారు. సిస్టర్ వ్యాను దాకా వెళ్లింది. "బతికితే మా వైపు పంపించేస్తారా?" అని అడిగింది. వాళ్లలో ఒకాయన నెమ్మదిగానే చెప్పాడు. "దానికి వేట రాదు. కాళ్లు కూడా పూర్తిగా బాగుపడవు. మా కేంద్రంలోనే ఉంటుంది."

డాక్టరు, "ఖలాస్, ఇక అంతే, మనకి చేతనైంది చేశాం," అని లోపలికి వెళ్లాడు. మేం బోను కడిగాం.

తరవాత విదేశీయులు మళ్లీ వస్తున్నారని, పనిలోకి రమ్మని ఆమెకి సంస్థ నుంచి ఫోన్ వచ్చింది. క్లినిక్ ముదీర్, అదే మా మేనేజరు, వేరే మనిషి దొరికేదాకా వదలనన్నాడు. దొరికేసరికి అక్కడ వానల్లేక నేల ఎండిపోయింది. అయినా వెళ్లింది. నా దుప్పటి ఒకటి కావాలని అడిగి మరీ పట్టుకెళ్లింది.

ఇక తిరిగి రాదనుకున్నాను. ఒక వేసవిలో క్లినిక్ గుమ్మంలో అదే యూనిఫాంలో కనిపించింది. చిక్కిపోయింది.

"పశువులు పోయాయి సిస్టర్. కొందరు వాళ్ల వాటా భూమి అమ్ముకున్నారు. మా ఆడపడుచూ అమ్మింది. ఏమనను, తిండి కావాలి కదా. నేను కాపలా తిరిగే దారిలో ఇప్పుడు ఇనుప కంచె ఉంది. ఏనుగులు వచ్చి అక్కడే నిలబడుతున్నాయి."

"మరి నీ ఉద్యోగం?"

"మిగిలిన భూమికి మనుషులు తక్కువే కావాలి. మా చెల్లెలికి ఇప్పించి వచ్చాను. దానికి పసిబిడ్డ ఉంది, దేశం దాటడం కుదరదు."

మా కాకినాడ దగ్గర కూడా మడ అడవులున్నాయని, అందులో నీళ్లలోకి దిగి చేపలు పట్టే బావురుపిల్లి ఉంటుందని, దానికోసం కొంత అడవి కాపాడుతున్నారని, చుట్టూ రొయ్యల చెరువులు వచ్చేశాయని చెప్పాను. పని ఆపి విన్నది.

"నువ్వు చూశావా దాన్ని?"

"లేదు. ఎప్పుడూ అటు వెళ్లలేదు."

"ఈసారి వెళ్లు," అంది.

ఆ ఏడు సెలవు దొరికి కాకినాడ వెళ్లాను. రేషన్ కార్డు పని, ఇంటి పైకప్పు పని, ఎవరో ఒకరి ఆసుపత్రి. ఆ మడ అడవికి పోవాలంటే ఆటో ఎక్కితే చాలు. ఎక్కలేదు. తిరిగొచ్చాక సిస్టర్ అడిగింది. కుదరలేదన్నాను. ఆమె తలూపి, నాకో జత చేతితొడుగులు అందించింది. ఇద్దరం కలిసి కుక్కల బోనులు కడగడం మొదలుపెట్టాం.