ఎడమకు తిరిగిన గొట్టం

మా మామ ఈ భూమ్మీద పుట్టినవాడు కాదు. ఇది నా మాట కాదు, టీవీలో కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి మాట. ఎడారి నడుమ నిలబడి ఉన్న ఆ లోహపు వింతను మనుషులు చేసి ఉండరనీ, నక్షత్రాల అవతలి నుంచి దిగిన ఎడమచేతి జాతి వాళ్ళెవరో చేశారనీ ఆయన బల్ల గుద్ది చెప్పాడు. దాన్ని చేసింది మా మామ. కాబట్టి లెక్క తేలిపోయింది. పదో తరగతి గడప దగ్గరే చదువుకు దణ్ణం పెట్టేసిన నాకే తేలిన లెక్క, మీకు తేలకపోతుందా?

వీధిలో ఆయన్ని రేకుల మామ అంటారు. నాకు సొంత మేనమామ కాబట్టి నేను మామా అనడంలో న్యాయం ఉంది. ఆయనకంటే వయసులో పెద్దవాడైన సెలూనాయన కూడా మామా అనే పిలుస్తాడు. షాపు అంటే ఒక పొడవాటి ఇరుకు గది. గోడకు ఆనించిన జింకు రేకులు, కొక్కేలకు వేలాడే కత్తెరలు, చెక్క సుత్తులు, నడుమ ఒక మొద్దు మీద బిగించిన రైలు పట్టా ముక్క. రేకును ఆ పట్టా అంచున పెట్టి ఆయన వంచుతుంటే చూడాలి. సుత్తి ఎత్తకముందే రేకు హడలిపోయి తనంతట తానే వంగుతుందని నేను వీధంతా ప్రచారం చేశాను. నమ్మినవాళ్ళూ ఉన్నారు. బకెట్టు చేశాక నీళ్ళు పోసి చూడడు మామ. వేలి కణుపుతో తట్టి, బాగా వినిపించే చెవి దగ్గర పెట్టుకుని, "కారదు" అంటాడు. కారదు.

సుత్తి చప్పుడు వినీ వినీ ఆయన చెవులు సగం పని మానేశాయి. అందుకని గొంతు పెరిగింది. ఆయన గుసగుసలాడితే పక్క వీధిలో బట్టలారేసుకుంటున్నవాళ్ళు "నన్నేనా?" అని తిరిగి చూస్తారు. ఇలాంటి మనిషి కడుపులో ఒక రహస్యం ఏళ్ళ తరబడి ఎలా దాగిందన్నదే అసలు వింత. ఎడారిలో ఉన్నదేం వింత?

ఎడారికి అవతల ఒక గని ఉంది. లోపలికి గాలి పంపే ఫ్యానుకు పెద్ద గొట్టం వంపు కావాలని గనివాళ్ళు మామను వెతుక్కుంటూ వచ్చారు. అప్పట్లో షాపులో ఇద్దరు పనిచేసేవాళ్ళు, మామా, మా అత్త తమ్ముడూ. ఈయన నాకు బాబాయి వరస. ఇద్దరూ కలిసి మనిషిని మించిన ఎత్తున ఆ వంపును తయారుచేశారు. షాపులో పట్టక వీధిలో పెట్టి అతికారు. లారీ ఎక్కించాక, ఏనుగు తొండాన్ని కోసి పట్టుకెళ్తున్నట్టుందని జనం నవ్వారు.

గని దగ్గర దించి చూస్తే కుడికి తిరగాల్సిన గొట్టం ఎడమకు తిరిగి ఉంది. అద్దంలో చూసినట్టు ప్రతి కొలతా సరిగ్గానే ఉంది, మొత్తం మాత్రం తారుమారు. వెనక్కి తీసుకుపొమ్మన్నారు. దారిలో లారీ ఇసుకలో కూరుకుపోతే, డ్రైవరు బరువు తగ్గించుకోవడానికి దాన్ని అక్కడే దించేసి చేతులు దులుపుకుని వచ్చేశాడు.

గని మేనేజరు షాపు ముందుకొచ్చి వీధి మొత్తం వినేలా అడిగాడు. "దీన్ని గీసిన మహానుభావుడు ఎవరయ్యా?"

మామ తలెత్తలేదు. చేతిలో కత్తెర కిందపెట్టలేదు. "మా బామ్మర్ది," అన్నాడు.

బాబాయి పక్కనే నిలబడి ఉన్నాడు. తన చెక్క సుత్తిని కొక్కేనికి తగిలించి వెళ్ళిపోయాడు. ఆ సుత్తి ఇప్పటికీ అక్కడే ఉంది. ఒకసారి దుమ్ము దులుపుదామని తీయబోతే మామ నా చేతి మీద ఒక్కటి వేశాడు. ఆ తర్వాత ఆయన పెద్ద పని దేన్నీ ఒప్పుకోలేదు. గరాటాలూ, పొగ గొట్టాలూ, అంతే.

వీధి ఊరుకుంటుందా? ఆ రోజు నుంచి బాబాయి పేరు రివర్సు. "రివర్సూ, చొక్కా సరిగ్గానే తొడుక్కున్నావా?" "రివర్సూ, ఇంటికెళ్ళే దారి తెలుసా?" రేకు పని ఇచ్చే నాథుడు లేక, చివరికి ఆఫీసులున్న ఒక భవనంలో లిఫ్టు నడిపే పనిలో చేరాడు. పైకీ కిందికీ తప్ప పక్కకు తిరిగే అవసరమే లేని ఉద్యోగం, అతని కోసమే పుట్టిందని వీధి కడుపుబ్బ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ విషయంలో నేనెప్పుడూ వెనకబడలేదు. నవ్వనిది అత్త ఒక్కతే. తమ్ముడు ఆమె గడప తొక్కడం మానేశాడు. "తప్పు చేసినవాడికి ఇంత రోషమేంట్రా?" అని ఆమె నా దగ్గర కళ్ళు తుడుచుకునేది. ఆ మాట వినబడగానే మామ చెప్పులు తొడుక్కుని షాపుకు వెళ్ళిపోయేవాడు, సెలవు రోజైనా సరే.

ఇసుక ఆ గొట్టాన్ని కప్పేసింది. ఏళ్ళు గడిచాక ఒక ఇసుక తుఫాను వచ్చి దాన్ని మళ్ళీ బయటపెట్టింది. విమానంలో పోతున్నవాళ్ళెవరో చూశారు. నడుం లోతు ఇసుకలో నిటారుగా నిలబడి, మెరుస్తూ, అలిగినట్టు మూతి ఎడమకు తిప్పుకుని ఉంది.

ఇక చూడండి. సెలూనాయన లెక్కలో అది ఆకాశం నుంచి రాలిపడిన వాహనం తాలూకు చెవి. మందుల షాపాయన లెక్కలో పాతకాలపు రాజు సమాధికి కట్టిన చిమ్నీ.

"సమాధికి చిమ్నీ ఎందుకండీ?"

"ఏం, లోపల రాజుగారికి ఉక్కపొయ్యదా?"

టీవీలో ఒక ఇంజనీరమ్మ మాత్రం "గాలి గొట్టం ముక్కలా ఉందండీ, పొరపాటున తిరగేసి చేసినట్టున్నారు" అంది. ఆమెను మళ్ళీ టీవీకి పిలవలేదు. మా వీధిలో అతికిన గొట్టమే అదని వీధిలో ఒక్కడికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. టీవీలో కనిపించేది మన వాకిట్లోంచి పోయిందని ఎవరనుకుంటారు?

మామకు మాత్రం మొదటి రోజే తెలిసింది. సెలూన్లో టీవీ ఉందని గడ్డం గీయించుకోవడం మానేశాడు. టీవీల షాపు ముందు నడవాల్సి వస్తుందని సందులు తిరిగి ఇల్లు చేరేవాడు. లోకమంతా తన పని చూసి ముక్కున వేలేసుకుంటుంటే, ఆయన దొంగసొత్తు దాచినవాడిలా తల దించుకుని తిరిగాడు. జ్వరమేమో అనుకుని నేను మందుల షాపు నుంచి మాత్రలు కూడా తెచ్చిచ్చాను. చిమ్నీ కథ మొత్తం వినిపించి మరీ.

ఒక సాయంత్రం నేనూ అత్తా టీవీ ముందు కూర్చున్నాం. మామ పెరట్లో చేతులు కడుక్కుంటున్నాడు. తెర మీద గొట్టం అంచును దగ్గరగా చూపిస్తూ, ఈ మడత ఏ సంకేతమో అని తల బద్దలుకొట్టుకుంటున్నారు. అత్త లేచి వంటింట్లోంచి పిండి డబ్బా తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. మూత తీసి అంచును బొటనవేలితో తడిమింది. వేలు తెగకుండా అంచును రెండుసార్లు లోపలికి మడిచేది మామ ఒక్కడే. మిగతావాళ్ళు ఒక్క మడతతో సరిపెడతారు.

"ఏమండీ! ఇది మీ గొట్టమే కదా! గని గొట్టం!" అని అరిచింది. గొంతు నిండా సంతోషమే. "అయ్యో, ఇంతమంది చూస్తున్నది మన పనా!"

నేను కుర్చీలోంచి ఎగిరి పడ్డాను. నిజంగానే ఎగిరాను, ఇందులో కల్పనేం లేదు.

అంతలో కెమెరా గొట్టం లోపలికి దూరింది. లోపలి గోడ మీద సన్నని తిన్నని గీతలు. "ఇంతవరకూ ఎవరూ చదవని లిపి" అంటున్నారు. అత్త సంతోషం అక్కడే ఆగిపోయింది. ఆమె ఒక రేకుల మనిషికి భార్య, ఇంకొక రేకుల మనిషికి అక్క. ఇద్దరి చేతిపనీ ఆమెకు తెలుసు. రేకు కత్తిరించే ముందు కొలతల గీతలు తమ్ముడు ఎప్పుడూ బయటి వైపు గీస్తాడు. వస్తువు మీద గీత కనబడితే పనికి చిన్నతనమని మామ లోపలి వైపు గీస్తాడు. అలా గీసేవాడు కాగితం మీది బొమ్మను తిరగేసి గీయాలి. మరిచిపోయాడా, కుడి కాస్తా ఎడమవుతుంది.

"గీతలు లోపలున్నాయేంటి?" అంది అత్త.

మామ గుమ్మంలో నిలబడి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. అవి ఎప్పుడో ఆరిపోయాయి.

"ఇసుక గీసి ఉంటుంది."

"ఇసుక స్కేలు పెట్టి గీస్తుందా?"

మామ వెళ్ళి టీవీ కట్టేశాడు. అత్త డబ్బాకు మూత పెట్టింది. అప్పటి నుంచి ఆమె ఆయనతో మాట్లాడలేదు. అరవలేదు, తిట్టలేదు. కంచం పెట్టి, "మీ మామను భోజనానికి రమ్మను" అని నాతో చెప్పేది. మామ నా ఎదురుగానే కూర్చుని ఉండేవాడు. ఇద్దరి మధ్యా తపాలా మోసి నా నోరు నొప్పిపుట్టింది. అదెంత గొప్ప నోరో తెలిసినవాళ్ళకే ఆ బాధ అర్థమవుతుంది.

కొన్నాళ్ళు చూసి ఒక మధ్యాహ్నం మామ షాపు మూసి, "నడు" అన్నాడు.

"ఎక్కడికి మామా?"

"లిఫ్టెక్కాలి. నువ్వు పక్కనుంటే పారిపోను."

బాబాయి లిఫ్టులో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. "ఎన్నో అంతస్తు?" అన్నాడు, బావా అనకుండా.

"పైకి."

"పైన నీళ్ళ ట్యాంకే ఉంది."

"ట్యాంకు దగ్గరికే."

కొంచెం పైకి వెళ్ళగానే గుమస్తాలు గుంపుగా ఎక్కారు. వాళ్ళ నోట కూడా అదే గోల. "దాన్ని తీసుకొచ్చి నగరం నడిబొడ్డున లైట్లు పెట్టి నిలబెడతారట!" "చేసినవాళ్ళెవరో గానీ బుర్ర అంటే అదీ." అందులో ఒకాయన బాబాయి భుజం తట్టాడు. "ఏమోయ్ రివర్సూ, నువ్వేమంటావ్?"

"నాకు పైకీ కిందికీ తప్ప ఏం తెలుసు సార్?"

లిఫ్టంతా నవ్వింది. మామ గోడ వైపు మొహం తిప్పుకున్నాడు. అది నిగనిగలాడే స్టీలు గోడ. అందులోనూ ఆయన మొహమే కనిపించింది.

గుమస్తాలు దిగిపోయాక, తలుపు మూసుకున్నాక, మామ తనకు చేతనైనంత మెల్లగా అన్నాడు. "ఒరేయ్, అది గీసింది నేనురా."

మెల్లగా అంటే మామ లెక్కలో మెల్లగా. లిఫ్టు నడిచే గొయ్యి కూడా ఒక పెద్ద గొట్టమే కదా. కింద వాచ్‌మన్ దగ్గర్నుంచి పైన ట్యాంకు మీది పావురాల దాకా ఆ మాట చేరింది. ఏదో అంతస్తులోంచి "ఏం గీశావయ్యా?" అని కేక కూడా వినబడింది.

బాబాయి మీట నొక్కి లిఫ్టును నడుమ ఆపాడు. "తెలుసు బావా."

"తెలుసా?"

"లారీ ఎక్కించినప్పుడు లోపల దూరి తాళ్ళు కట్టింది నేనే కదా. గీతలు చూశాను. గీసిందెవరో నాకు తెలీదా?"

"మరి ఆ రోజు నోరెందుకు మెదపలేదురా?"

"నువ్వే చెప్తావని చూశాను. సాయంత్రానికి చెప్తావనుకున్నా. తర్వాత రేపు చెప్తావనుకున్నా. ఇంతలో నాకు లిఫ్టు నడపడం వచ్చేసింది."

మామ చేతులు పైకి లేచాయి. దణ్ణం పెట్టబోయాడో, బాబాయి చేతులు పట్టుకోబోయాడో నాకు తెలియలేదు. ఆయనకూ తెలిసినట్టు లేదు. బాబాయి ఒకడుగు వెనక్కి వేశాడు.

"నాకు తెలిసింది నాకే చెప్తే ఏం లాభం బావా? నన్ను రివర్సు అనేది నేను కాదు కదా. ఆ రోజు నువ్వన్నది కూడా వీధిలోనే."

మీట నొక్కాడు. లిఫ్టు కిందికి దిగింది.

"రేపు షాపు దగ్గరికి రా," అన్నాడు మామ.

"గ్రౌండు ఫ్లోరు," అన్నాడు బాబాయి, ఉద్యోగపు గొంతుతో.

తిరిగొచ్చేటప్పుడు మామ నేల చూపులు వదల్లేదు. "వీధిలో చెప్పాక తలకాయ ఎక్కడ పెట్టుకోనురా?" అని మాత్రం అడిగాడు.

నా దగ్గర ఉపాయాలకు కరువా? "గొప్పగా చెప్దాం మామా. ఆ గొట్టం నీదే, కావాలనే ఎడమకు తిప్పావ్, అదే నీ కళ. జనం నిన్ను నెత్తిన పెట్టుకుంటే ఎవరు గీశారన్న మాట ఎవడికి గుర్తుంటుంది?"

మామ నా వంక చూశాడు. కోపం లేదు. కొత్త రేకులో బీట కనబడినప్పుడు చూస్తాడే, అలా చూశాడు.

అయినా మర్నాడు షాపు ముందు జనాన్ని పోగేసింది నేనే. సెలూనాయన సగం గడ్డం గీసిన మనిషిని నురుగుతో సహా వెంటబెట్టుకొచ్చాడు. మందుల షాపాయన కౌంటరు వదిలి వచ్చాడు. అత్త సందు మలుపు దగ్గర కొంగు బిగించుకుని నిలబడింది. రోడ్డు అవతల, వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉన్నవాడిలా, బాబాయి. నేను బల్ల ఎక్కి గొంతు సవరించుకున్నాను.

"అమ్మలారా, అయ్యలారా! ఎడారిలో మీరు చూస్తున్న ఆ మహాద్భుతం ఈ షాపులో పుట్టింది. పెద్దపెద్దవాళ్ళు తేల్చేశారు. మా మామ ఈ భూమ్మీద పుట్టినవాడు కాదు!"

చప్పట్లు మోగాయి. చప్పట్ల మధ్యలోంచి సెలూనాయన, "ఆగు ఆగు, అయితే అది మన రివర్సు చెడగొట్టిన గొట్టమేనా!" అన్నాడు. జనం పగలబడి నవ్వుతూ రోడ్డు అవతలికి చూశారు. బాబాయి తల దించుకున్నాడు.

మామ చెవులు ఎర్రబడ్డాయి. చేతిలోని కత్తెరను, గని మేనేజరు వచ్చిన రోజు పెట్టని కత్తెరను, ఈసారి కింద పెట్టాడు. కళ్ళు నేల మీదే ఉన్నాయి. గొంతు మాత్రం వీధి చివరిదాకా వెళ్ళింది.

"నేను ఇక్కడే పుట్టాను, ఈ షాపు వెనక గదిలో. ఆ గొట్టం తప్పు గీసింది నేను, మా బామ్మర్ది కాదు."