మనిషి అడ్డం

ఆ ఊళ్ళో చలికాలాన్ని నమ్మి ఎవరూ దుప్పట్లు ఆరేయరు. పొద్దున లేచేసరికి ఎదురింటి గుమ్మం కనబడనంత మంచు. టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపు కళ్ళు చెదిరే ఎండ. ఆ ఎండని చూసి మురిసిపోయి స్వెట్టరు విప్పితే నెత్తిన చినుకులు. రేడియోలో వాతావరణం చెప్పే అమ్మాయి కూడా ఈమధ్య గొంతులో ధీమా తగ్గించుకుంది. ఇలాంటి చోట గొడుగుల దుకాణం పెట్టుకున్నవాడి పంట పండినట్టే అనుకుంటాం. పండేదే, ఆ దుకాణం మన గొడుగులాయనది కాకపోతే.

గొడుగులాయనకి రైళ్ళంటే పిచ్చి. రైలెక్కి ఎక్కడికో వెళ్ళాలని కాదు, ఉన్నచోట నిలబడి చూడాలని, ఫోటో తీయాలని. దుకాణానికేమో వాన కావాలి, కెమెరాకేమో ఎండ కావాలి. పొద్దున్నే గుమ్మంలో నిలబడి ఆకాశంకేసి చూసే ఆ మనిషి ఏం కోరుకుంటున్నాడో ఆయనకే తెలీదని భార్య అంటుంది. మబ్బేస్తే గిరాకీని చూసి ముఖం ముడుచుకుంటాడు. ఎండ కాస్తే ఖాళీ దుకాణానికి తాళం వేసి ఈలవేసుకుంటూ పోతాడు. ఇలాంటి వ్యాపారి ఇంకొకడుంటే చూపించండి.

పోనీ పనిరాదా అంటే, చేతిలో మంచి పనుంది. విరిగిన చువ్వని పట్టకారుతో వంచి సన్నతీగ చుట్టాడంటే ఆ గొడుగు కొత్తదానికన్నా ఎక్కువ కాలం ఉంటుంది. కుట్టుమిషను మీద నల్లగుడ్డ తిరుగుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. కాకపోతే దూరంగా కూత వినబడిందా, కాలు పెడలు మీదే ఆగిపోతుంది. ఆ కూత ఏ ఇంజనుదో తేలేదాకా ఎదురుగా నిలబడ్డ మనిషి తడిసిన గొడుగు పట్టుకుని అలా ఉండాల్సిందే. ఊరందరి గొడుగులూ బాగుచేసే ఆయన ఇంట్లో ఉన్న ఒకే ఒక్క గొడుగుకి రెండు చువ్వలు విరిగి చాలాకాలమైంది. వాటి సంగతి చూడమని భార్య చెప్పీ చెప్పీ ఊరుకుంది.

ఆదివారం వస్తే ఆయన్ని దుకాణంలో వెతకడం దండగ. స్టేషను దాటాక పట్టాల మీదుగా ఓ ఇనుప వంతెన ఉంది. అక్కడ చేరేవాళ్ళందరిదీ ఇదే జబ్బు. పళ్ళ డాక్టరుగారి కెమెరా ముందు ఆయన స్కూటరు కూడా చవకే. బేకరీ నడిపే ఆవిడకి కెమెరా పాతదైనా చెవులు మాత్రం అమోఘం. మంచులో ఏమీ కనబడకపోయినా కూత విని ఇంజను ఏదో, నడిపేది ఎవరో కూడా చెప్పేస్తుంది. అందుకే ఆవిణ్ణి అందరూ హారనమ్మ అంటారు. ఆవిడ తెచ్చే వేడివేడి బన్నులు తింటూ, గడ్డకట్టిన వేళ్ళు ఊదుకుంటూ గంటల తరబడి కబుర్లాడుకుంటారు. అంతా పెద్దమనుషులే. రైలొస్తే మాత్రం ఒకళ్ళనొకళ్ళు మోచేతులతో తోసుకుంటారు.

వాళ్ళకి కొన్ని నియమాలున్నాయి. వాటి విషయంలో డాక్టరుగారు మహా పట్టుదల మనిషి. ఎండ మన వీపున పడాలి, ఇంజను ముఖాన పడాలి. నంబరు స్పష్టంగా చదవగలగాలి. పెద్దలైటు పూర్తిగా రావాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఫోటోలో మనిషన్నవాడు ఉండకూడదు. పట్టాలు దాటుతున్న కూలీ గానీ, జెండా పట్టుకున్న ఉద్యోగి గానీ, కిటికీలోంచి తల బయటపెట్టిన డ్రైవరు గానీ పడ్డారంటే ఆ ఫోటో పనికిరాదు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'మనిషి అడ్డం'. బ్రహ్మాండంగా వచ్చేదండీ, మనిషి అడ్డం, అని పెదవి విరిచి ఆ ఫోటోని అక్కడికక్కడే చెరిపేస్తారు. మనిషి అడ్డు తప్పుకునేదాకా ఊపిరి బిగబట్టి ఆగడమే వాళ్ళ లెక్కలో అసలైన నేర్పు. ఆ నేర్పులో గొడుగులాయన్ని మించినవాడు లేడు.

ఇంటి గోడలు చూస్తే సంగతి తెలిసిపోతుంది. అన్నీ ఇంజన్లే. కుటుంబం ఆల్బం అని ఒకటుంది గానీ, అందులో కుటుంబాన్ని భూతద్దం పెట్టి వెతుక్కోవాలి. ఒక్కగానొక్క కూతురు చిన్నప్పుడు కొత్త గౌను వేసుకుని ఇంజను ముందు నిలబడింది. నంబరు కనబడట్లేదు, కొంచెం పక్కకి జరుగమ్మా, అన్నాడు తండ్రి. జరిగింది. ఇంకొంచెం, అన్నాడు. మళ్ళీ జరిగింది. చివరికి ఆ ఫోటోలో ఇంజను నిండుగా వచ్చింది, పిల్ల గౌను అంచు మాత్రం ఓ మూల మిగిలింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ భార్య ఆ ఫోటో చూపించి, ఇదిగోనండీ మా అమ్మాయి, అని పరిచయం చేసేది. అందరూ నవ్వేవాళ్ళు. అమ్మాయీ నవ్వేది.

ఆ పిల్ల రైళ్ళని అసహ్యించుకోవాల్సింది, న్యాయంగా. అసహ్యించుకోలేదు సరికదా, వంతెన కమ్మీల సందుల్లో ముఖం పెట్టి చూస్తూ పెరిగి పెద్దదై ఏకంగా రైలింజను నడిపే ఉద్యోగంలోనే చేరింది. కొన్నేళ్ళు పెద్ద డ్రైవరు పక్కన సహాయకురాలిగా కూర్చుంది. ఈ చలికాలంలో ఆమె సొంతంగా బండి నడిపే రోజొచ్చింది. పొద్దున పాసింజరు తీసుకెళ్ళి, సాయంత్రం చీకటి పడేలోపు అదే ఇంజనుతో తిరిగి రావాలి.

ముందురోజు భోజనాల దగ్గర ఆమె తండ్రిని ఒకటే అడిగింది.

“నాన్నా, రేపు ఒక్క ఫోటో తియ్యి. ఇంజను ఫోటోలు మనింట్లో బోలెడున్నాయి. ఇందులో నేను కనబడాలి.”

అంతే. ఎత్తిపొడుపేమీ లేదు, పప్పులో ఉప్పు చాలలేదన్నంత మామూలుగా అంది. కానీ గొడుగులాయన కంచం ముందునుంచి సగంలోనే లేచాడు. చెయ్యి కడుక్కుని వెళ్ళి ఆల్బం మొదటినుంచి చివరిదాకా తిరగేశాడు. కూతురు తల నుంచి కాలిదాకా ఉన్న ఫోటో ఒక్కటీ లేదు. ఇన్నేళ్ళూ హాస్యంగా చెప్పుకున్న సంగతి ఆ పూట హాస్యంగా అనిపించలేదు. సిగ్గేసింది. రేపు ఏమైనా సరే ఆ పిల్ల ముఖం తీసి తీరాలనుకున్నాడు. భార్య కూడా, నేనూ వస్తాను, ఆ వంతెన మీద మీరు చేసే ఘనకార్యమేమిటో ఒకసారి చూస్తాను, అంది.

తెల్లవారింది. మంచు ఎంత ఉందంటే వంతెన మీద నిలబడితే కింద పట్టాలే లేవు. డాక్టరుగారు తన క్లినిక్‌కి సెలవు పెట్టుకుని వచ్చారు. హారనమ్మ కొట్టు మొగుడికి అప్పగించి వచ్చింది. వాళ్ళు కూడా ఆ అమ్మాయిని చిన్నప్పటినుంచీ చూసినవాళ్ళే. ఈరోజు ఇంజను కాదు, మన అమ్మాయి ముఖ్యం, అని అందరూ ఒకరికొకరు గట్టిగా చెప్పుకున్నారు. రేడియోలో ఎండ అన్నారే, అని డాక్టరుగారు వాపోయారు. గొడుగులాయన కాలుగాలిన పిల్లిలా వంతెన ఈ చివరినుంచి ఆ చివరికి తిరిగాడు.

అంతలో దూరంగా కూత. హారనమ్మ చెయ్యెత్తింది.

“అమ్మాయే. చివర్లో ఇంత మెత్తగా వదిలేవాళ్ళు ఇంకెవరూ లేరు.”

అప్పుడు జరిగింది చూడాలి. ఎవరో దుప్పటి లాగేసినట్టు మంచు పక్కకి తొలగింది. దాని వెనకనుంచి బంగారంలాంటి ఎండ నేరుగా వచ్చి పట్టాల మీద పడింది. ఆ ఎండలోకి ఇంజను వచ్చింది, వెనకాల తెల్లటి మంచు, ముందు తళతళలాడే ముఖం. రైళ్ళ పిచ్చివాళ్ళు జీవితంలో ఒకసారి దొరికితే చాలనుకునే వెలుగు అది. కిటికీలోంచి అమ్మాయి భుజాలదాకా బయటికి వంగి, నవ్వుతూ చెయ్యి ఊపుతోంది. ముగ్గురి వేళ్ళూ మీటల మీదున్నాయి. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు.

ముగ్గురూ ఆగారు.

అలవాటు అంటే ఇదీ. బుర్ర ఏం చెప్పినా వేలు వినలేదు. మనిషి అడ్డం ఉంది, కాస్త ఆగు, అంది. తండ్రి కెమెరా మీదికి వంగి ఉండడం చూసిన అమ్మాయి, ఫోటో అయిపోయిందనుకుని చెయ్యి లోపలికి తీసుకుంది. అప్పుడు నొక్కారు, ముగ్గురూ ఒక్కసారే, టకటకటకమని.

బండి వంతెన కిందనుంచి వెళ్ళిపోయింది. డాక్టరుగారు కెమెరాలో చూసుకుని, అబ్బ, ఎంత శుభ్రంగా వచ్చిందీ, అనబోయి మాట మింగేశారు. హారనమ్మ తన కెమెరా చూసుకుని సంచిలో పెట్టేసింది. కమ్మీ పట్టుకుని నిలబడ్డ భార్య వెనక్కి తిరిగి, అమ్మాయి వచ్చిందా అని అడిగింది. ఆవిడ ముగ్గురి ముఖాలూ చూసింది. తిట్టి ఉంటే ఆయనకి కాస్త తేలికగా ఉండేది. ఆవిడ తిట్టలేదు, టీ తాగుదాం పదండి అంది.

మధ్యాహ్నానికి ఎండ పోయింది, వాన మొదలైంది. దుకాణం ముందు జనం బారులు తీరారు. గొడుగులాయన తలెత్తకుండా మిషను తొక్కుతున్నాడు గానీ మనసు మనసులో లేదు. ఒకాయన నల్ల గొడుగుకి ఎర్రగుడ్డ ముక్క కుట్టిచ్చాడు. ఆ పెద్దమనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది కొత్త ఫ్యాషనా అని అడిగాడు. అమ్మాయి సాయంత్రం ఇంటికొచ్చి అడుగుతుంది. బంగారంలాంటి వెలుగులో ఇంజను ఫోటో చూపించాలి. ఆమె నవ్వుతుంది, ఎప్పట్లాగే.

ఉన్నట్టుండి పెడలు ఆపేశాడు. బండి తిరిగొస్తుందిగా. కాకపోతే అటునుంచి వచ్చేటప్పుడు డ్రైవరు కిటికీ అవతలివైపు పడుతుంది, సరుకుల షెడ్డు వైపు. అక్కడ అంతా బురద, సాయంత్రం వెలుగు ఎదురుగా కళ్ళలో కొడుతుంది. రైళ్ళ పిచ్చివాళ్ళెవరూ అటు కన్నెత్తి చూడరు. ఫోటోకి పనికిరాదని ఆయనే ఎంతోమందికి పాఠం చెప్పాడు. అయినా సరే లేచి, రేపు రండి, అని తాళంకప్ప అందుకున్నాడు. ఇంత వానలో గొడుగు లేకుండా ఎలా వెళ్ళమంటావని ఒకావిడ నిలదీసింది. చేతికందిన గొడుగు ఆవిడ చేతిలో పెట్టాడు. అది ఎవరిదో మర్నాడు తేల్చుకోవచ్చు.

ఇంటికొచ్చి చూస్తే ఉన్నది ఆ రెండు చువ్వలు విరిగిన గొడుగే. అది పట్టుకుని భార్య కూడా బయల్దేరింది. షెడ్డు వెనక బురదలో చెప్పులు చేతబట్టుకుని నడిచారు. పట్టాలకి కాస్త ఎడంగా, గోడనానుకుని నిలబడ్డారో లేదో గాలి ఒక్క విసురు విసిరింది. గొడుగు పువ్వులా పైకి విచ్చుకుపోయింది. గొడుగుల దుకాణం వారి పరువు చూడండి, అని ఆవిడ పగలబడి నవ్వింది. పొద్దున్నుంచి మొదటిసారి ఆయనకీ నవ్వొచ్చింది. ఆవిడ తన శాలువా తీసి కెమెరా మీద కప్పి పట్టుకుంది.

వానలో మసకమసకగా పెద్దలైటు కనబడింది. స్టేషను దగ్గర పడింది గనుక బండి నెమ్మదిగా వస్తోంది. అమ్మాయి చూపంతా ముందు సిగ్నలు మీదుంది. వీళ్ళు ఇక్కడ ఉన్నారని ఆమెకేం తెలుసు? అయిపోయింది, ఇదీ పోయింది, అనుకున్నాడు. అప్పుడు భార్య ఒక చేత్తో శాలువా పట్టుకుని, రెండో చేత్తో ఆ తిరగబడ్డ గొడుగు పైకెత్తి ఊపింది. ఊళ్ళో అలాంటి గొడుగు ఇంకొకటి లేదు. అమ్మాయి చూసింది. గుర్తుపట్టింది. కిటికీలోంచి వంగి, వానంతా ముఖాన పడుతుంటే, చిన్నపిల్లలా నోరంతా తెరిచి నవ్వింది.

కెమెరా అద్దంలో ముందుగా వచ్చింది ఇంజనే. పెద్దలైటు, దాని కింద కడిగినట్టున్న నంబరు. వేలు మళ్ళీ ఆగింది. మనిషి అడ్డం, అంటోంది లోపల పాత గొంతు. గొడుగులాయన పళ్ళు బిగించి కెమెరాని పక్కకి తిప్పాడు. లైటు పోయింది, నంబరు పోయింది.

“కొంచెం పక్కకి జరుగమ్మా,” అన్నాడు ఇంజనుతో.

నొక్కాడు.

ఆదివారం ఆ ఫోటో వంతెన మీద చేతులు మారింది. డాక్టరుగారు కళ్ళజోడు సవరించుకుని తప్పులన్నీ ఒప్పచెప్పారు. వెలుగు ఎదురుగా ఉంది, అంతా నీళ్ళ మరకలు, లైటు లేదు, ఇంతకీ ఇది ఏ ఇంజనో కూడా తెలియడం లేదు. మా అమ్మాయిదండీ, అన్నాడు గొడుగులాయన. డాక్టరుగారు దాన్ని మళ్ళీ ఒకసారి చూసి, తనకీ ఒకటి కావాలని అడిగారు.

ఇప్పుడా ఫోటో దుకాణంలో కుట్టుమిషను పైన ఉంది. అమ్మాయి డ్యూటీ దిగి తిన్నగా అక్కడికే వచ్చింది, దాని ముందు నిలబడింది. ఫోటో నిండా ఆమే. తడిసిన ముఖం, నుదుటికి అంటుకున్న జుట్టు, ఆ నవ్వు. పక్కన కిటికీ అంచు, అదీ కొంచెమే. ఏమంటుందోనని తండ్రి చువ్వ పట్టుకుని అలాగే చూస్తున్నాడు. ఆమె యూనిఫాం చేతితో కళ్ళు తుడుచుకుని ఆయనవైపు తిరిగింది.

“చాలా బాగుంది నాన్నా,” అంది. “కానీ ఇంజను నంబరు కనబడట్లేదు.”