నేస్తానికి చెప్పకుండా

మా పాప పోయిన నాలుగు నెలలకు మా ఆయన నన్ను విశాఖపట్నంలో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాడు. నేను వెళ్ళలేదు, ఆయనే తీసుకెళ్ళాడు. అప్పటికి తల దువ్వుకోవడం మానేసి చాలా రోజులైంది. తొంభైల చివరి రోజులవి. అరకు దగ్గర ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో నేను మూడో తరగతి టీచర్ని. బడి పక్కనే క్వార్టరు. మా ఆయనకు విజయనగరంలో ఉద్యోగం. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లారగట్ల వెళ్ళిపోయేవాడు. పాప నా దగ్గరే ఉండి, నా తరగతిలోనే చదివేది. వానాకాలంలో జ్వరం వచ్చింది. మెదడుకెక్కే రకం మలేరియా. మూడు రోజుల్లో అంతా అయిపోయింది.

ఆ తర్వాత బడికి వెళ్ళి హాజరు పుస్తకం తెరిస్తే చాలు, ఒక వరస దగ్గర గొంతు ఆగిపోయేది. కొట్టేసిన పేరే, అయినా కళ్ళు అక్కడికే పోయేవి. పిల్లలు భయపడి ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. ఒకరోజు ఒక పిల్ల జడ వేయమని రిబ్బన్లు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. ఎందుకో తెలీదు, దాని చెంప పగలగొట్టాను. ఆ సాయంత్రమే మా హెడ్మిస్ట్రెస్ మా ఆయనకు కబురు పెట్టింది.

డాక్టరు మంచివాడే. అంతా విని, మందులు రాసి, "మందులొక్కటే చాలవమ్మా, మీకు కౌన్సెలింగ్ కూడా అవసరం" అన్నాడు.

"పోయిన నెలే అయిపోయిందండీ. నాకు పాయింట్లు చాల్లేదు" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి మా ఆయన వైపు చూశాడు. టీచర్ల బదిలీలకు కౌన్సెలింగ్ కొత్తగా పెట్టిన రోజులు. ఏ ఊరు కావాలో కోరుకోమని వరసగా పిలిచేవారు. ఆ మాటకు నాకు తెలిసిన అర్థం అదొక్కటే. మా ఆయన సంగతి విడమరిచి చెబితే డాక్టరు నవ్వాడు, మా ఆయనా నవ్వాడు. పాప పోయాక ఆయన నవ్వడం అదే మొదలు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

వచ్చేముందు డాక్టరు ఒక మాట చెప్పాడు. "ప్రతివారం ఇంత దూరం మీరు రాలేరు. మీలాగే పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళు మీ వైపు ఉంటారు కదా. అలాంటివాళ్ళు కలిసి కూర్చునే గ్రూపు ఏదైనా ఉందేమో వెతకండి."

అరకులో గ్రూపట! కొండల్లో గ్రూపంటే పొదుపు గ్రూపే. అయినా మా ఆయన పోరు పడలేక అంగన్‌వాడీ ఆమెను అడిగాను. "మా గ్రూపులో కాళీ నేదు టీచరమ్మా, పదిహేను మందీ నిండిపోనారు" అంది ఆమె, పాపం నిజంగానే బాధపడుతూ. ఏడవాలో నవ్వాలో తెలీలేదు. చివరికి దారి చూపించింది సంత వెనక వీధిలో ఉండే రిటైరైన నర్సమ్మ. మా పాపకు చివరి రోజు సూది వేసింది ఆవిడే. "గ్రూపూ గీపూ నాకు తెలీదమ్మా. శుక్రవారం సంతకొచ్చిన తల్లులు కొంతమంది మా వసారాలో కూర్చుంటారు. నువ్వూ వచ్చి కూర్చో" అంది.

మొదటి శుక్రవారం కావాలనే ఆలస్యంగా వెళ్ళాను. గంజిపెట్టిన చీర కట్టుకుని మరీ వెళ్ళాను. నేనెవరో తెలియాలి కదా! వసారాలో ఆరుగురు ఆడవాళ్ళు అడ్డాకులు ముందేసుకుని విస్తళ్ళు కుడుతున్నారు. అందరూ కొండ ఊళ్ళవాళ్ళే. నన్ను చూసి ఒకామె జరిగింది. నా ముందు కూడా నాలుగు ఆకులు, గుప్పెడు పుల్లలు పెట్టారు. ఏమైంది, ఎలా పోయింది అని ఎవరూ అడగలేదు.

"బువ్వ తిన్నావా?" అంది నా పక్కనున్నామె. నా వయసే ఉంటుంది, ముక్కుకి రెండు వైపులా పుడకలు.

నేను ముందున్న ఆకుల్ని అటూ ఇటూ తిప్పాను.

"ఏటి తిన్నావు?" అని మళ్ళీ అడిగింది. తన సీసాలోని చోడి అంబలి, అదే రాగి జావ, గ్లాసులో పోసి నా చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చి మా ఆయన మీద విరుచుకుపడ్డాను. తిండి గురించి అడిగించుకోవడానికా నేను అక్కడికి వెళ్ళింది? చచ్చినా మళ్ళీ వెళ్ళనన్నాను. తర్వాతి శుక్రవారం బడి వదలగానే నా కాళ్ళు అటే నడిచాయి. ఎందుకో ఇప్పుడు చెప్పగలను. ఆ రెండు గంటల్లో ఒక్కరు కూడా "ఇంకొకర్ని కను, అన్నీ సర్దుకుంటాయి" అనలేదు. అప్పటికి నాలుగు నెలలుగా ఆ మాట అనని మనిషిని నేను చూడలేదు.

వాళ్ళు పిల్లల గురించి మాట్లాడే తీరే వేరు. పొయ్యి ఆరిపోయింది, వాన పడేలా ఉంది అనే మాటల మధ్యలోనే, "మా గుంటడు తేనెపట్టు కనబడితే ఆగడు" అనేవారు. ఆగేవాడు అని కాదు, ఆగడు అని. మొదట్లో నాలోని టీచరు ఆ మాటను దిద్దబోయింది. తర్వాత తర్వాత నేనూ అలాగే మాట్లాడాను.

నాకు అంబలి పోసినామెకు ఇద్దరు కొడుకులు. ఇద్దరూ ఒకే వానాకాలంలో, వారం తేడాతో పోయారు. ఆ మాట కూడా ఆకు కుడుతూనే చెప్పింది. "మరి నీ గుంటకి ఏటంటే ఇష్టం?" అని అడిగింది. ఉప్పూ కారం జల్లిన అనాసపండు అన్నాను. వారం తిరిగేసరికి కొండమీంచి ఓ పండు మోసుకొచ్చి, కోసి, ఉప్పూ కారం జల్లి అందరికీ పంచింది. నా వంతు ముక్క నోట్లో పెట్టుకున్నాక ఏడుపొచ్చింది. పాప పోయినరోజు కూడా రాని ఏడుపు. ఎవరూ ఊరుకోమనలేదు. పక్కన కూర్చుని పుల్లలు గుచ్చుకుంటూ పోయారు.

ఆ వసారాలో పద్ధతంటూ ఉన్నది ఒక్కటే. ఒకసారి బస్సు టైమైందని నేను గబుక్కున లేచి చెప్పులేసుకుంటే అందరి చేతులూ ఆగిపోయాయి. అంబలి పోసినామె వచ్చి నా కొంగు పట్టుకుంది.

"మా గుంటలు ఒక్కడూ సెప్పి ఎల్లనేదు. నువ్వయినా సెప్పి ఎల్లు" అంది.

అప్పటినుంచి ఒక్కొక్కరి మొహం చూసి వెళ్ళొస్తానని చెప్పేదాన్ని. "ఎల్లి రా" అని వాళ్ళు అన్నాకే మెట్లు దిగేదాన్ని. ఆరుగురికీ చెప్పేసరికి ఒక్కోసారి బస్సు వెళ్ళిపోయేది కూడా.

ఏడాది తిరిగాక ఒక శుక్రవారం ఆమె, "నాతోటి నేస్తం కడతావా?" అని అడిగింది. నేస్తం కట్టడం మా విజయనగరం వైపు ఊళ్ళలోనూ ఉంది. మా నాయనమ్మకు ఒక నేస్తం ఉండేది. నాకు తెలిసినంతలో అది ముసలివాళ్ళ ముచ్చట. దానిదేముంది అనుకుని సరేనన్నాను. వచ్చేవారం ఆమె బియ్యం, పసుపు, బంతిపూలు తెచ్చింది, నేను రవికెల గుడ్డ తీసుకెళ్ళాను. ఒకరికొకరు పసుపు రాసుకున్నాం, ఒకరి ఒళ్ళో ఒకరు బియ్యం పోసుకున్నాం. ఆరోజు నుంచి ఇద్దరం ఒకరి పేరొకరు పలకకూడదు, నేస్తం అనే పిలుచుకోవాలి. ఆమె మొగుడు నాకు అన్నయ్య, మా ఆయన ఆమెకు అన్నయ్య.

"నేస్తం ఇంట సావయితే నేస్తం మైల పట్టాల" అని కూడా చెప్పింది.

"మా సొంతవాళ్ళ మైలే నేను పట్టను" అని నవ్వాను. ఆమె నవ్వలేదు.

డాక్టరు మందులు పనిచేయలేదని నేననను. పనిచేశాయి, నిద్ర పట్టింది. కానీ నన్ను మళ్ళీ మనిషిని చేసింది మాత్రం ఆమె. రెండో ఏడు వానలు పడేనాటికి నేను క్లాసులో పిల్లలకు జడలు వేస్తున్నాను. చెంపదెబ్బ తిన్న పిల్లకు అందరికంటే ముందు వేసేదాన్ని. పాప పోయిన తేదీనాడు ఆమె వానలో పొద్దున్నే బయలుదేరి, తడిసి ముద్దయి మా క్వార్టరుకొచ్చింది. ఇద్దరం కలిసి వంట చేసుకుని తిన్నాం.

ఆ తర్వాతి వేసవిలో నాకు బదిలీ కౌన్సెలింగ్‌లో పేరొచ్చింది. దరఖాస్తు పెట్టిన సంగతి నేను ఆమెకు చెప్పలేదు. విజయనగరం దగ్గర ఊరు కోరుకున్నాను, దొరికింది. శుక్రవారం చెబుదామనుకున్నాను. శుక్రవారం వచ్చింది. సంత జీపులు మా క్వార్టరు ముందు నుంచే పోతున్నాయి. నేను తలుపేసుకుని లోపల కూర్చున్నాను. చెబితే ఆమె ఏడుస్తుంది, ఆమె ఏడిస్తే నేను కదల్లేను అని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం అబద్ధం. నిజమేమిటంటే, పాప పోయిన ఆ ఇల్లు వదిలి వెళ్తున్నందుకు నాకు సంతోషంగా ఉంది. ఆ సంతోషం మొహంలో పెట్టుకుని ఆమె ఎదురుగా నిలబడలేకపోయాను. సోమవారం సామాను లారీకెక్కింది.

తర్వాత సాకులకేం తక్కువ? ఉత్తరం రాద్దామంటే ఆమెకు చదువు రాదు. దసరాకు వెళ్దామంటే వానలు. వేసవిలో వెళ్దామంటే జనాభా లెక్కల పని. అలా ఏడేళ్ళు గడిచాయి. మా ఇంట్లోకి సెల్‌ఫోన్ వచ్చింది, మా ఆయనకు బీపీ వచ్చింది. శుక్రవారాలు మాత్రం నాకు అన్నం సరిగ్గా సహించేది కాదు.

ఏడేళ్ళ తర్వాత ఒక శుక్రవారం ఒక్కదాన్నే పాసింజరెక్కి అరకులో దిగాను. నర్సమ్మ వసారాలోనే ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూడగానే చేతిలోని చాట కింద పెట్టేసింది.

"ఎంత పని చేశావే" అంది. అమ్మా అని పిలిచే మనిషి, చేశావే అంది.

ఆవిడ చెబితే తెలిసింది. నేను వెళ్ళిపోయిన వేసవిలో నర్సమ్మ మోకాలి ఆపరేషనుకు విశాఖ వెళ్ళింది. రెండు శుక్రవారాలు నేను రాకపోయేసరికి నేస్తం నన్ను వెతుక్కుంటూ బడికి వెళ్ళింది. సెలవులు. క్వార్టరుకు తాళం. వాచ్‌మన్ పెళ్ళాం ఒక్కతే ఉంది, కొత్తగా వచ్చింది. టీచరమ్మేదని అడిగితే, "ఆ టీచరమ్మ పోనాదమ్మా. ఆళ్ళాయనొచ్చి సామాను పట్టుకెల్లిపోనాడు" అంది. పోయింది అంటే మన భాషలో రెండు అర్థాలు కదా. నేస్తం అక్కడే గుమ్మం ముందు కూలబడి ఏడ్చిందట. ఊరికెళ్ళి పదకొండు రోజులు మైల పట్టింది. కోడిని కోసి, ఊళ్ళోవాళ్ళకు భోజనం పెట్టి నా దినం చేసింది.

"నేనొచ్చి చెప్పానమ్మా, చచ్చిపోలేదు, బదిలీ అయిందని. బడికి తీసుకెళ్ళి కాగితం కూడా చూపిస్తానన్నాను. నమ్మలేదు" అంది నర్సమ్మ. "బతికుంటే సెప్పి ఎల్లును, నా నేస్తం అలాటిది కాదు అంది. ఇప్పటికీ అదే మాట."

ఏడేళ్ళుగా నేను దాక్కున్నది ఆమె కోపం నుంచి అనుకున్నాను. ఆమెకసలు కోపమే లేదు. నా మీద మచ్చ పడనివ్వకుండా నన్ను చంపుకుంది. ఇప్పుడు నేను ఎదురుపడితే, ఆమె ఎవరికోసం ఏడ్చిందో ఆ నేస్తం అబద్ధమని నా నోటితో చెప్పినట్టే. ఎదురుపడకుండా వెళ్ళిపోతే, మళ్ళీ చెప్పకుండా వెళ్ళినట్టే.

"ఇంకో గంటలో వస్తుంది. పెరటి దారుంది, వీధి దారుంది. నీ ఇష్టం" అంది నర్సమ్మ.

పెరటి వైపు లేచాను కూడా. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చి, అడ్డాకుల మోపు పక్కన కూర్చున్నాను. ఒక్క విస్తరి కూడా కుట్టలేకపోయాను.

ఆమె తలమీద మూటతో మెట్లెక్కింది. చిక్కిపోయింది. నన్ను చూసి నిలబడిపోయింది. మూట దించడానికి నర్సమ్మ సాయం పట్టాల్సి వచ్చింది. దగ్గరికొచ్చి నా మోచేతి మీద చెయ్యి వేసి, వేడి చూసినట్టు చూసింది.

"బతికే ఉన్నావా" అంది.

తలూపాను.

"నాను నీకు మైల పట్టినాను. పదకొండు దినాలు సేప ముట్టనేదు."

కాళ్ళ మీద పడబోయాను. పట్టుకుని ఆపింది. తిట్టమన్నాను, కొట్టమన్నాను, మళ్ళీ నేస్తం కట్టుకుందామన్నాను. పెద్ద టీచర్ని, వెక్కి వెక్కి ఏడుస్తూ ఏదేదో అన్నాను. అంతా అయ్యేవరకు ఓపిగ్గా నిలబడింది.

"ఇద్దరు గుంటలకి ఏడిసినాను. నేస్తానికి ఏడిసినాను. ఇంకెవుల్తోటీ కట్టను టీచరమ్మా" అంది.

మూట విప్పి, సీసా తీసి, గ్లాసులో అంబలి పోసి నాకిచ్చింది. తను కూర్చుని ఆకు అందుకుంది. మిగతా ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు, ఇద్దరు ముగ్గురు నాకు తెలియని వాళ్ళు కూడా. వాళ్ళలో ఒకామె నేనెవరని అడిగితే, "బడి టీచరమ్మ" అని చెప్పింది.

మూడున్నరకు బండి. నేను లేచాను. కొత్తవాళ్ళతో సహా అందరికీ చెప్పాను, అందరూ ఎల్లి రమ్మన్నారు. చివరికి ఆమె ముందు నిలబడ్డాను.

"వెళ్ళొస్తాను" అన్నాను.

పుల్ల గుచ్చడం ఆపి, తలెత్తి నా మొహంలోకి చూసింది.

"ఎల్లు" అంది.

రా అంటుందేమోనని కాసేపు ఆ మెట్ల మీదే నిలబడ్డాను. ఆమె ఇంకో ఆకు తీసుకుంది.