చచ్చిన కాయ చేతిలో తూము

నా చిన్నప్పుడు నేను సొంతంగా తయారుచేసిన ఆటను మా ఇంట్లో ఒక్కరూ చివరిదాకా ఆడేవాళ్లు కాదు. ఆ కోపం ఇన్నేళ్లకూ పూర్తిగా చల్లారలేదు.

తొంభైల్లో మాట. బాన్సువాడలో ఎండాకాలం సెలవులు. పాత క్యాలెండరు వెనక నిజాంసాగర్ కట్ట గీశాను. అక్కణ్నుంచి గళ్లు గళ్లుగా కాలువ, చివర వరిమడి. పందెం వేయడానికి ఒకవైపు అరగదీసిన చింతగింజలు. ముందు మడికి చేరినవాళ్లది గెలుపు. దారిలో ఇంకొకరి కాయ మీదపడితే మన కాయ చచ్చినట్టే, ఆట అయ్యేదాకా నోరుమూసుకుని కూర్చోవాలి. కానూన్లు నావే, తీర్పులూ నావే.

తమ్ముడికి గెలుపు అక్కర్లేదు, ఎదుటివాళ్ల కాయలు చంపితే చాలు. నాయనమ్మకు తన కాయ ఎక్కడుందో పట్టదు, ముచ్చట్లు కావాలి. పిట్లం నుంచి వచ్చిన బావ మొదటి దెబ్బకే చచ్చి, లేచి సైకిలెక్కేవాడు.

"కూసో బావా, ఆట కాలే!"

"కూసొని ఏంజెయ్యాలె? నీ మొఖం సూడాల్నా?"

చివరికి బావ మర్నాడు పొద్దున్నే ఊరికి పోయే రోజు వచ్చింది. ఒక్క ఆటైనా పూర్తికాలేదు. ఉక్రోషంతో క్యాలెండరు చింపబోయాను.

పక్కింటి అక్క వచ్చి దాన్ని లాక్కుంది. అందర్నీ పిలిచి మళ్లీ పరిచి, తనూ ఒక కాయ పెట్టింది. పనిగట్టుకుని నన్నే వెంటాడి చంపింది. నేను విసురుగా లేవబోతే జడ పట్టి కూర్చోబెట్టింది.

"యాడికే? నోర్మూసుకొని కూసో. నువ్వు వెట్టిన కానూనే గదా!"

నేను, నోరుమూసుకుని కూర్చోవడం! కాసేపటికే ఒళ్లు మండిపోయింది. అప్పుడు అక్క ఒక సీసా మూత నా అరచేతిలో పెట్టింది.

"ఇగో, గిది తూము. సచ్చినోళ్లు ఇగ నీరటోళ్లు. మూత యాడ వెడితే ఆడ నీళ్లు బంద్, కాయ దాటొద్దు. నీ ఇష్టం."

కాలువ నీళ్లు వంతులవారీగా వదిలే నీరటి గడప ముందు ఎంతెంత ఆసాములు చేతులు కట్టుకుని నిలబడతారో మాకు తెలియనిదా! వాళ్ల కాయల ముందు మూత పెట్టగానే బావ బతిమాలడం మొదలుపెట్టాడు. నాయనమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"బిడ్డా, జర ఇడువ్, నీకు పల్లిపట్టి పెడ్త."

"లంచం! అక్క లంచం తింటున్నది!" అని నా మీద తమ్ముడి గోల. కసికొద్దీ బావను చంపాడు. బావ సైకిలెక్కలేదు, తనకూ ఒక మూత అడిగి తీసుకుని నేరుగా వాడి కాయ ముందే పెట్టాడు. ఆ తర్వాత ఎవర్ని చంపాలన్నా వాడు వెనకాముందాడాడు.

గెలిచింది నాయనమ్మ. గెలిచిందని మేం చెప్పాల్సి వచ్చింది. నా ఆటలో నేను ఓడిపోయినందుకు రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు, అది వేరే సంగతి.

ఇప్పటికీ నలుగురం కూర్చున్నచోట ఎవరైనా తలవంచుకుని ఫోను చూసుకుంటుంటే నాకు తిట్టాలనే అనిపిస్తుంది. తిడతాను కూడా. కానీ తిట్టేముందు ఒక్క క్షణం, వీళ్ల చేతిలో నేను పెట్టిన మూత ఏదీ అని వెతుక్కుంటాను. చాలాసార్లు అది నా గుప్పిట్లోనే ఉంటుంది.