కోసేసిన నవ్వు

డెబ్బైల్లో మేము కిషన్‌బాగ్‌లో ఉండేవాళ్లం. మా ఆయన కంచన్‌బాగ్ వైపు ఒక ఫ్యాక్టరీలో కెమెరా పని చేసేవాడు. కొత్త కార్మికులకు ఫర్నేసు పని నేర్పే సినిమాలు తీయడం ఆయన ఉద్యోగం. "గిది సినిమానా, పాఠమా?" అని ఆటపట్టిస్తే మూతి ముడుచుకునేవాడు. తనూ కళాకారుడినేనన్న పిచ్చి ఆయనకు బాగా ఉండేది.

ఒక సినిమాలో ఓ కార్మికుడి ముఖాన్ని చాలాసేపు నిలిపాడు. కరిగిన లోహం అచ్చులోకి జారేదాకా ఊపిరి బిగబట్టి చూసి, పని కాగానే చిన్నపిల్లాడిలా నవ్వుతాడా మనిషి. ఆఫీసు సిబ్బంది కుటుంబాలకు వేసి చూపించిన రోజు, ఎందుకో నాకు ఏడుపొచ్చింది.

నగరంలో మంచి సినిమాలు చూసి చర్చించుకునే సంఘమొకటి ఉండేది. ఆ రీలును ఫ్యాక్టరీ గేటు దాటించే అనుమతి కోసం కాళ్లరిగేలా తిరిగి, వాళ్లకు చూపించాడు. సగంలోనే లైట్లు వేసేశారు.

"గ్లౌజులు ఎలా తొడుక్కోవాలో చెప్పేది కళ ఎలా అవుతుందండీ?" అన్నాడొక పెద్దమనిషి.

ఫ్యాక్టరీలో ఆఫీసరుది ఇంకో పాట. "గీ మొఖమెందుకయ్యా గింతసేపు? మనకు కళ గిళ వద్దు. కట్ చెయ్."

అక్కడ కళ చాలలేదు, ఇక్కడ ఎక్కువైంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మాత్రం తన చేత్తోనే ఆ ముక్క కోసి చెత్త ఫిల్ముల బుట్టలో వేశాడు. ఆ రకం ఫిల్ముకు నెగెటివ్ ఉండదు, కోస్తే పోయినట్టే. బుట్ట నిండితే బేగంబజార్ వ్యాపారి తీసుకెళ్లి, ఫిల్ము కడిగి అందులోని వెండి తీసుకునేవాడు.

ఆ ఏడే ఆ కార్మికుడు కామెర్లతో పోయాడు. అతని భార్య చంటివాణ్ని చంకనేసుకుని మా ఇంటికొచ్చింది.

"అన్నా, వీని బాపు నవ్వింది సినిమాల ఉన్నదట గదా. ఇంట్ల ఒక్క ఫోటో గూడ లేదు. వీనికి ఒక్కపారి చూపియ్యి."

మా ఆయన ఉన్నపళంగా బేగంబజార్‌కు పరుగెత్తాడు. "సబ్ ధో డాలే భాయ్" అంటూ, అన్నీ కడిగేశామని వ్యాపారి బొమ్మలు పోయి గాజులా తేటపడ్డ ఫిల్ము కట్టలు చూపించాడట.

తిరిగొచ్చేసరికి ఆమె మా గడపలోనే కూర్చుని ఉంది.

"పోయిందమ్మా. ఒకరు కళ గాదన్నరు, ఒకరు పనికి రాదన్నరు. నేనే కోసేసిన."

"ఏదైతేంది అన్నా," అందామె, "ఆయన మొఖమే గదా."

మా ఆయన ఆ తర్వాత కూడా జీతం కోసం కెమెరా పట్టాడు. చేతులు తీశాడు, యంత్రాలు తీశాడు. మనిషి ముఖం మళ్లీ తీయలేదు.